ఆలస్యం ఎవరిది?

పోయినేడు దసరా తర్వాత మా ఇంట్లో ఒక నిర్ణయం దాదాపు ఖాయమైపోయింది. తణుకులో ఒంటరిగా ఉంటున్న నాన్నని హైదరాబాద్ తీసుకొచ్చెయ్యాలి. ఇల్లు అద్దెకిచ్చెయ్యాలి. కారణం ఒక్కటే: నాన్న జవాబులు ఆలస్యంగా చెప్తున్నారు.

"మందులేసుకున్నారా నాన్నా?" అని అడిగితే, తెర మీద ఆయన మొహం కాసేపు ఏ కదలికా లేకుండా ఉండిపోయేది. ఒకటి, రెండు అని మనసులో లెక్కపెట్టుకునేదాన్ని. అప్పుడు "ఆఁ, వేసుకున్నానమ్మడూ" అనేవారు. ఆలోగా నేను ఇంకో ప్రశ్న వేసేసి ఉంటాను. ఇద్దరి మాటలూ గుద్దుకుంటాయి. ఆయన ఆగిపోతారు, నేనూ ఆగిపోతాను. డల్లాస్ నుంచి అన్నయ్య ఇదంతా చూస్తూ ఉండి, కాల్ అయ్యాక నాకు విడిగా మెసేజ్ పెట్టాడు: "నాన్నకి మతిమరుపు మొదలైనట్టుంది. నువ్వు గమనించావా?"

గమనించాను. కానీ నాకంటే ముందు వాడు అన్నందుకు కోపమొచ్చింది. కోపం ఎవరి మీద చూపించాలో తెలీక తణుకులో ఇంటర్నెట్ ఇచ్చే కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసి అరిచాను. అతను వెంటనే వచ్చి చూసి, "ఆయ్, లైను శుభ్రంగా ఉందండి, వందకి వందా వస్తందండి" అని స్పీడ్ టెస్టు ఫొటో తీసి పంపాడు. నిజంగానే వంద ఎంబీపీఎస్. లైను బాగుంది, కాబట్టి బాగోలేనిది నాన్నే. అలా తేల్చేసుకున్నాం ఇద్దరం.

ఆ తర్వాత వారం కరెంటు పోయి వైఫై లేక, నాన్న మేడెక్కి మామూలు ఫోన్ చేశారు. పావుగంట మాట్లాడాం. ఒక్క చోట కూడా తడబాటు లేదు. నేను అడగడం పూర్తయ్యేలోపే ఆయన జవాబు వచ్చేస్తోంది, మధ్యలో నామీద జోకులు కూడా. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చున్నా. నేను తేల్చుకున్న విషయంలో ఎక్కడో లెక్క తప్పింది.

*

స్పీడు వేరు, ఆలస్యం వేరు. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం మనతో మొదలైన పొరపాటు కాదు. దానికి కనీసం నూట అరవై ఏళ్ల చరిత్ర ఉంది.

1858 ఆగస్టులో ఐర్లాండుకీ న్యూఫౌండ్‌లాండుకీ మధ్య అట్లాంటిక్ అడుగున మొదటి టెలిగ్రాఫ్ కేబుల్ వేశారు. విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడికి పంపిన సందేశం 98 మాటలు. అది అవతలికి చేరడానికి దాదాపు 16 గంటలు పట్టింది. నేల మీది తీగలో టకటకా పోయే చుక్కలూ గీతలూ సముద్రం కిందకి వెళ్లేసరికి సాగిపోయి, ఒకదాని మీదొకటి పడిపోయి, అవతలివాడికి ఏదీ స్పష్టంగా అందేది కాదు. మా వీడియో కాల్‌లో మా మాటల్లాగే.

ఎందుకిలా అని ఇద్దరు మనుషులు కొట్టుకున్నారు. ఒకరు కంపెనీ ఎలక్ట్రీషియన్ వైల్డ్‌మన్ వైట్‌హౌస్. వృత్తిరీత్యా సర్జన్, విద్యుత్తు సొంతంగా నేర్చుకున్నాడు. ఇంకొకరు గ్లాస్గో ప్రొఫెసర్ విలియం థామ్సన్, తర్వాత లార్డ్ కెల్విన్ అయినాయన. కేబుల్ పొడవు రెట్టింపైతే సంకేతం సాగిపోవడం నాలుగింతలవుతుందని థామ్సన్ అప్పటికే లెక్క కట్టాడు. కాబట్టి తీగ నాణ్యత పెంచాలి, అవతలి చివర అతి సున్నితమైన పరికరంతో వినాలి అన్నాడు. వైట్‌హౌస్ ఈ లెక్కని నమ్మలేదు. సందేశం సరిగ్గా పోవట్లేదంటే తోపు చాలట్లేదని ఆయన అభిప్రాయం. రెండువేల వోల్టుల దాకా ఎక్కించాడు. అసలే బలహీనంగా ఉన్న కేబుల్ కొద్ది వారాల్లోనే చచ్చిపోయింది. మళ్లీ నిలకడగా పనిచేసే కేబుల్ పడటానికి 1866 దాకా ఆగాల్సొచ్చింది.

ఇప్పటికీ మనం చేసేది వైట్‌హౌస్ పనే. వీడియో ఆగిందా, వంద తీసేసి రెండొందల ప్లాన్ వేయించు. రెండొందలకీ ఆగిందా, మూడొందలు.

*

మా నాన్న టెలిగ్రాఫిస్టు. 1970ల మొదట్లో తంతి తపాలా శాఖలో చేరారు. 1985లో తపాలా, టెలికాం విడిపోయినప్పుడు టెలికాం వైపు వచ్చారు. ఏలూరులో టెలిగ్రాఫ్ ఆఫీసు, అక్కడ మోర్స్ కీ, తర్వాత టెలిప్రింటర్. 2013 జూలైలో దేశంలో టెలిగ్రాం సేవ మూసేసిన రోజు టీవీ ముందు ఒక్కరే కూర్చున్నారని అమ్మ చెప్పింది.

చిన్నప్పుడు నాన్న చెప్పిన మాట ఒకటి గుర్తు. ప్రతి టెలిగ్రాం మీదా దాన్ని కౌంటర్లో ఎన్నింటికి ఇచ్చారో ఆ టైం ఉంటుంది. అది అందుకున్న ఆఫీసు, ఎన్నింటికి అందిందో రాస్తుంది. రెండూ ఉంటే ఆలస్యం ఎంతో తెలుస్తుంది. కానీ ఎక్కడ జరిగిందో తెలియాలంటే మధ్యలో ఉన్న ఒక్కో ఆఫీసూ తిరగేసి అడగాలి. వర్షానికి తీగ తెగిందా? లైను ఖాళీ లేక కాయితం గుత్తిలో పడుందా? డెలివరీ కుర్రాడు సైకిలు పంక్చరై ఆగిపోయాడా? అందుకున్నవాళ్లకి ఇవన్నీ ఒకటే: "టెలిగ్రాం లేటు". ఆఫీసు వాళ్లకి ఇవి మూడు వేర్వేరు జబ్బులు.

నెట్‌వర్కు మనుషులు ఈ విషయాన్ని మళ్లీ మొదట్నుంచీ నేర్చుకోవాల్సొచ్చింది. 1983 జూలైలో నార్వేలో జరిగిన ఒక సమావేశంలో డేవ్ మిల్స్ అనే ఇంజనీరు, తన యంత్రాల మధ్య ప్రతిధ్వని ప్యాకెట్లు పంపి దారి ఆలస్యాన్ని కొలిచానని మాటల మధ్యలో చెప్పాడు. అమెరికా సైన్యపు బాలిస్టిక్ పరిశోధనశాలలో పనిచేసే మైక్ మూస్ అది విన్నాడు. డిసెంబరులో ఒకరోజు తన నెట్‌వర్కు పిచ్చిపిచ్చిగా ప్రవర్తిస్తుంటే, ఆ మాట గుర్తొచ్చి, ఒక్క సాయంత్రంలో వెయ్యి లైన్ల లోపు ప్రోగ్రాం రాశాడు. జలాంతర్గాముల్లో శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వని వినే సోనార్ పేరు మీద దానికి పింగ్ అని పేరు పెట్టాడు. అదే పేరుతో బాతుపిల్ల కథల పుస్తకం ఒకటి 1933 నుంచీ ఉంది. ఆ పుస్తకం ఈ ప్రోగ్రాం గురించేనంటూ రాసిన సరదా సమీక్ష ఒకటి చాలా ప్రచారంలో ఉంది. మూస్ 2000లో రోడ్డు ప్రమాదంలో పోయాడు.

పింగ్ గురించి మూస్ రాసిపెట్టిన సంగతుల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఎక్కడో నెట్‌వర్కు తీగ అప్పుడప్పుడూ ఊడిపోతోంది, ఏ చోటో దొరకట్లేదు. ఒకాయన ప్రతి ప్రతిధ్వనికీ కంప్యూటరు "పింగ్" అని పైకి పలికేలా చేసి, స్పీకరు చెవులు పగిలేలా పెట్టి, భవనమంతా తిరుగుతూ ఒక్కో కనెక్టరునీ కదిపాడట. ఏది కదిపినప్పుడు శబ్దం ఆగిందో అదే దొంగ. ఇది చదివి నాన్నకి చెప్తే పగలబడి నవ్వి, "మేమూ చెవితోనే పట్టేవాళ్లం" అన్నారు. లైనులో వచ్చే టకటకలని బట్టి అవతల కీ మీద ఉన్నది రాజమండ్రి ఆయనో భీమవరం ఆయనో చెప్పేసేవాళ్లట.

*

సరే, కొలుద్దాం అనుకున్నాం. నాన్న ఫోన్‌లో పింగ్ యాప్ ఒకటి వేయించాను. నేను వీడియోలో కాకుండా మామూలు కాల్‌లో ఉంటాను, ఆయన అంకెలు చదువుతారు. నేను రాసుకుందామని పెన్ను తీసేలోపే ఆయన నోటుపుస్తకంలో గడులు గీసేసుకున్నారు: తేదీ, టైము, ఎక్కడికి, ఎంత, ఎన్ని పోయాయి.

మూడు మజిలీలు. మొదటిది ఇంట్లోని రౌటర్. అంటే వైఫై ఒక్కటే. రెండోది కేబుల్ వాళ్ల గేట్‌వే, అంటే ఊళ్లో లైను. మూడోది బయటి ప్రపంచం. ప్రతి చోటికీ వంద ప్యాకెట్లు. ఎక్కడ అంకె పెరిగితే జబ్బు ఆ మజిలీలో ఉన్నట్టు.

ఇందులో తీసెయ్యలేని ఆలస్యం ఒకటుంది, దూరానిది. గాజుతీగలో వెలుతురు సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. తణుకు నుంచి హైదరాబాదుకి తిన్నగా చూస్తే మూడొందల యాభై కిలోమీటర్లుంటుంది. దారి మాత్రం అలా ఉండదు. ట్రేస్‌రూట్ పెడితే మా ప్యాకెట్లు మద్రాసు మీదుగా తిరిగొస్తున్నట్టు కనిపించింది. అయినా పర్లేదు. వెయ్యి కిలోమీటర్ల దారి అనుకున్నా, వెళ్లి రావడానికి వెలుతురుకి 10 మిల్లీసెకన్లు చాలు. ఒకప్పుడు ఇంతకంటే ఘోరం: ఒక కంపెనీ లైను నుంచి పక్కవీధిలో ఇంకో కంపెనీ లైనుకి పోవాల్సిన ప్యాకెట్లు అమెరికా చుట్టి వచ్చేవి. దేశంలోని ట్రాఫిక్ దేశంలోనే చేతులు మారాలని 2003లో నిక్సి అనే ఎక్స్ఛేంజి పెట్టాకే అది తగ్గుతూ వచ్చింది. ట్రాయ్ 2006లో పెట్టిన నాణ్యతా నియమాల్లో కూడా కంపెనీ నోడ్ నుంచి ఈ ఎక్స్ఛేంజికో అంతర్జాతీయ గేట్‌వేకో 120 మిల్లీసెకన్ల లోపు ఉండాలని ఉండేది. అంటే స్పీడుతో పాటు ఆలస్యం కూడా లెక్కే అని కాయితం మీద అప్పుడే ఒప్పుకున్నారు. ప్రకటనల్లో మాత్రం ఆ అంకె కనిపించదు. 2004లో 256 కేబీపీఎస్, 2013లో 512, 2023లో 2 ఎంబీపీఎస్ అంటూ 'బ్రాడ్‌బ్యాండ్' నిర్వచనం మారిందంతా స్పీడులోనే.

ఉదయం ఏడింటి గడి: రౌటర్ 4, గేట్‌వే 7, బయట 33. వందకి వందా తిరిగొచ్చాయి. మధ్యాహ్నమూ అంతే. కేబుల్ అబ్బాయి చెప్పింది అక్షరాలా నిజం.

రాత్రి ఎనిమిదిన్నర, అంటే మేం రోజూ వీడియో కాల్ చేసుకునే టైం. డల్లాస్‌లో అన్నయ్యకి ఉదయం పది. నాన్న చదవడం మొదలుపెట్టారు. "రౌటర్ అయిదు. గేట్‌వే... తొమ్మిదొందల నలభై. పదకొండొందల ఎనభై. పన్నెండొందల పది." ఒక్కో అంకె చదివి రాసుకుంటున్నారు. గొంతులో ఎక్కడా తడబాటు లేదు. పన్నెండొందల మిల్లీసెకన్లంటే సెకను మీద అయిదో వంతు. నేను మనసులో లెక్కపెట్టుకున్న "ఒకటి, రెండు"లో ఎక్కువ భాగం అదే.

ఎనిమిదిన్నరకి ఏం జరుగుతోంది? నాన్నకే తట్టింది. పై పోర్షన్లో అద్దెకున్న అబ్బాయి పెళ్లిళ్లకి ఫొటోలు, వీడియోలు తీస్తాడు. పగలంతా తీసినవి రాత్రికి హైదరాబాదులో ఎడిటింగ్ చేసేవాళ్లకి పంపుతాడు. "పాపం కుర్రాడు, వేరే కనెక్షన్ ఎందుకని నేనే పాస్‌వర్డ్ ఇచ్చాను" అన్నారు నాన్న.

*

కానీ ఒక ఫైలు పోతుంటే పక్కనున్న మాట సెకను పైన ఎందుకు ఆగాలి? ఇది కూడా చరిత్రలో ఒకసారి తేలిన విషయమే.

1986 అక్టోబరులో కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబుకీ బర్క్‌లీ యూనివర్సిటీకీ మధ్య, నాలుగొందల గజాల దూరంలో, ఇంటర్నెట్ కూలబడింది. సెకనుకి 32 వేల బిట్లు పోవాల్సిన చోట 40 బిట్లు పోయాయి. తీగ బాగానే ఉంది. అందరూ ఒకేసారి పంపడం, జవాబు రాలేదని మళ్లీ పంపడం, దాంతో వరస ఇంకా పెరగడం. దీన్ని చూసిన వాన్ జాకబ్సన్, పంపేవాడు దారిలో రద్దీని గ్రహించి తనంతట తనే తగ్గే పద్ధతి తయారుచేసి 1988లో వ్యాసంగా రాశాడు. ట్రేస్‌రూట్ రాసిందీ ఆయనే.

ఆ పద్ధతిలో పంపేవాడికి రద్దీ తెలిసేది ఎలా? ప్యాకెట్ పోతే. దారిలో చోటు లేక ఒక ప్యాకెట్ రాలిపోతే, అది చూసి పంపేవాడు తగ్గుతాడు. తర్వాత మెమరీ చవకైపోయింది. ఒక్క ప్యాకెట్ కూడా పోకూడదన్న మంచి ఉద్దేశంతో రౌటర్లలో, మోడెంలలో పెద్దపెద్ద బఫర్లు పెట్టారు. ప్యాకెట్లు రాలవు, వరసలో నిలబడతాయి. రాలకపోయేసరికి పంపేవాడికి రద్దీ సంగతి తెలీదు, ఇంకా పంపుతాడు. వరస ఇంకా పెరుగుతుంది. 2010లో జిమ్ గెటిస్ అనే ఇంజనీరు తన ఇంట్లో దీన్ని పట్టుకున్నాడు. పెద్ద ఫైలు ఎక్కిస్తున్నప్పుడల్లా పింగ్ సెకను దాటిపోయేది. ఇవాళ ఇంటర్నెట్ మెల్లగా ఉంది నాన్నా అని పిల్లలు అనేవారట. దీనికి ఆయన పెట్టిన పేరు బఫర్‌బ్లోట్. బఫరు ఉబ్బడం. 2012లో కాథలీన్ నికల్స్, మళ్లీ ఆ జాకబ్సన్ కలిసి, వరసలో ఎంతసేపు నిలబడాల్సొస్తోందో చూసి ముందే కొన్ని ప్యాకెట్లని వదిలేసే పద్ధతి ప్రకటించారు. దాని పేరు కోడెల్.

మా లెక్క వేసుకుంటే: తణుకు లైనులో డౌన్‌లోడ్ వంద, అప్‌లోడ్ ఇరవై ఎంబీపీఎస్. ఇరవై మెగాబిట్లంటే సెకనుకి రెండున్నర మెగాబైట్లు. అంటే ఒక పెళ్లి ఫొటో అంత వరస ఉంటే చాలు, దాని వెనక నిలబడిన "ఆఁ, వేసుకున్నానమ్మడూ" సెకను ఆగిపోవడానికి. నా ప్రశ్న ఆయనకి వెంటనే చేరేది, ఆయన జవాబూ వెంటనే వచ్చేది. ఎవరి పెళ్లికూతురో మెట్లు దిగి బయటికి పోయేదాకా ఆ జవాబు గుమ్మంలో నిలబడి ఉండేది. స్పీడ్ టెస్టులో ఇది కనిపించదు, ఎందుకంటే ఖాళీ రోడ్డు మీద బండెంత వేగంగా పోతుందో కొలిచి ఊరుకుంటాం. పైగా ఆ టెస్టు సర్వరు చాలాసార్లు మన కంపెనీ ఆవరణలోనే ఉంటుంది.

కేబుల్ అబ్బాయి తప్పు లేదు. నాన్న తప్పు అసలే లేదు. దొంగ మా ఇంట్లోనే ఉంది, టీవీ బల్ల మీద.

*

మనుషుల సంభాషణలో ఒకరు ఆపాక ఇంకొకరు అందుకోవడానికి పట్టే సమయం సగటున 200 మిల్లీసెకన్లని 2009లో పది భాషల మీద చేసిన పరిశోధన చెప్పింది. కనురెప్ప వేసినంత. ఫోన్ సంభాషణల్లో ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికాం ప్రమాణం అంటుంది. దాటితే ఏమవుతుంది? 2014లో జర్మనీలో కొందరు పరిశోధకులు మనుషుల మధ్య కావాలని ఆలస్యం పెట్టి మాట్లాడించి చూశారు. మాట్లాడినవాళ్లు లైనుని తప్పుపట్టలేదు. అవతలి మనిషికి శ్రద్ధ లేదని, మాట మీద ధ్యాస లేదని అనుకున్నారు. ఇది చదివినప్పుడు నాకు సిగ్గేసింది. ఆ ప్రయోగంలో ఉన్నవాళ్లు ఒకరికొకరు కొత్తవాళ్లయి ఉండొచ్చు. మేం కన్నపిల్లలం.

వరసని అదుపు చేసే సౌకర్యమున్న రౌటర్ ఒకటి కొని పంపాను. కేబుల్ అబ్బాయే వచ్చి బిగించాడు. అప్‌లోడ్‌ని ఇరవైకి కాకుండా పద్దెనిమిదికి కట్టేశాం, వరస ఆయన పెట్టెలో కాకుండా మా పెట్టెలో, మా చెప్పుచేతల్లో ఉండాలని. ఆ రాత్రి ఎనిమిదిన్నర గడి: గేట్‌వే 19, బయట 46. పైన పెళ్లి ఫొటోలు పోతూనే ఉన్నాయి. అబ్బాయికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. "అయ్యో, పర్లేదండి, రోజూ అలవాటేనండి" అన్నాడు. ఆ మాటకి ఇంకా బాధేసింది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. లైను బాగయ్యాక కూడా కొన్ని ప్రశ్నలకి నాన్న ఆగుతున్నారు. ఇంతకుముందైతే అంతా ఒకే ముద్దగా కనిపించేది. ఇప్పుడు లైను వాటా తీసేశాం కాబట్టి మిగిలింది ఆయనదేనని తెలుస్తోంది. నేను తల పక్కకి తిప్పి మాట్లాడినప్పుడు, పొయ్యి మీద ఏదో చిటపటలాడుతున్నప్పుడు మాత్రమే ఆగుతున్నారు. తీసుకెళ్లి చూపిస్తే ఎడమ చెవి వినికిడి బాగా తగ్గిందన్నారు. మెదడు గురించి కూడా పరీక్షలు చేయించాం. వయసుకి తగ్గట్టు బాగానే ఉందన్నారు. చెవికి మెషిన్ పెట్టించాం. మొదట నసిగారు, తర్వాత "అటువైపు రిసీవర్ మార్చాలన్నమాట" అని ఒప్పుకున్నారు. హైదరాబాద్ ప్రస్తావన ఆగిపోయింది. ఎప్పటికీ రాదని అనను. ఎప్పుడైనా వస్తే, అది ఏ మజిలీ ఆలస్యమో చూసుకున్నాకే రావాలని అన్నయ్యా నేనూ అనుకున్నాం.

నోటుపుస్తకం ఇంకా నడుస్తోంది. ఎవరూ అడక్కపోయినా రోజూ ఎనిమిదిన్నరకి నాన్న గడులు నింపుతూనే ఉన్నారు. మొన్న ఒకరోజు నింపడం అయ్యాక అడిగారు:

"మా వైపు సరే అమ్మడూ. ఈ మధ్య నువ్వే ఆలస్యంగా మాట్లాడుతున్నావు. మీ లైను ఎప్పుడైనా చూశావా?"

చూశాను. రాత్రి ఎనిమిదిన్నరకి, మా ఆయన ఆఫీసు ల్యాప్‌టాప్ బ్యాకప్ పోతుండగా, గేట్‌వే 780.